గాలివైపు గది

మా ఊళ్ళో వేసవి వచ్చిందంటే ఇల్లు వదలాల్సిందే. సగం ఇళ్ళది అదే వరస. జులై నెలాఖరుకు ముందుగదిలో ఫొటోలు గోడ దిగేవి, తాతల నాటి పెద్ద బైబిలు దుప్పటిలో చుట్టుకునేది, పెట్టెలోని మంచి పక్కబట్టలు మంచాలెక్కేవి. అమ్మ, నాన్న, నేను మా పాత దుప్పట్లు చంకన పెట్టుకుని పెరట్లో ఉన్న రేకుల షెడ్డులోకి దిగేవాళ్ళం. సెప్టెంబరు దాకా ఇల్లు కొత్తవాళ్ళది. సముద్రం చూడ్డానికి ఇంగ్లండు నుంచి వచ్చేవాళ్ళని మా వైపు అలాగే అంటారు. పదేళ్ళుగా అదే ఇంటికి వస్తున్నా వాళ్ళు కొత్తవాళ్ళే. ఆ అద్దెతోనే మాకు చలికాలం గడిచేది. దాన్నొక కష్టమని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. నాన్నతో పాటు క్వారీలో పనిచేసిన ఎల్లిస్ మామ అయితే, "నేను ఆగస్టులో పుట్టాను. మా ఇంటికి ముందు తలుపుందని నాకు స్కూల్లో చేరాక గానీ తెలీలేదు," అని నవ్వించేవాడు.

నేను బాంగర్‌లో డిగ్రీ పూర్తి చేసి ఇంటికొచ్చిన వేసవి అది. అటు అమ్మవైపు గానీ ఇటు నాన్నవైపు గానీ కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. చాపెల్‌లో పాస్టరుగారు నా పేరు చెప్పి అందరిచేత చప్పట్లు కొట్టించారు. ఆ రోజు నాన్న చాపెల్ దాకా నడవలేకపోయాడు.

నాన్న పేరు ఇథెల్. కొండమీది క్వారీలో కుర్రతనం నుంచీ గ్రానైటు కొట్టాడు. కొట్టిన రాయి ఎక్కడెక్కడి రోడ్లకో వెళ్ళిపోయింది, దుమ్ము మాత్రం ఆయన ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. ఆ వసంతంలోనే డాక్టరుగారు అమ్మని పక్కకు పిలిచి, ఇంక మందులతో అయ్యేది పెద్దగా లేదనీ, మనిషిని గాలి బాగా తగిలేచోట ఉంచమనీ చెప్పి వెళ్ళారు. మా ఇంట్లో గాలి తగిలే చోటంటే ఒకటే ఉంది. మేడ మీద పడమటి గది, అమ్మా నాన్నా పడుకునే గది. దాని కిటికీ తెరిస్తే ఐర్లండు దాకా అడ్డు లేదు. నాన్న మే నెల నుంచీ ఆ కిటికీ పక్కన మూడు దిళ్ళ మీద ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు.

ఏటా మా ఇల్లు అద్దెకి తీసుకునే విట్లక్ గారి కుటుంబం రావడానికి వారం ముందు నేను అమ్మతో అన్నాను, ఈ ఒక్క ఏడాదికి ఆ గది మనం ఉంచుకుందామని.

"ఆ కిటికీ కోసమేనే వాళ్ళొచ్చేది," అంది అమ్మ, దిండు గలీబు తొడుగుతూ. "కిటికీ మనం ఉంచుకుని గోడలు అద్దెకిద్దామా?"

మంచం మీద నాన్న నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. అది తగ్గాక, నెలే కదా, చిటికెలో అయిపోతుంది, షెడ్డులోనైతే బంగాళాదుంప మళ్ళు దగ్గర అన్నాడు. ఇల్లు మారిన రోజు ఆయన్ని మెట్లు దింపడానికి ఎల్లిస్ మామ వచ్చాడు. మూడు మెట్లకోసారి ఆగారు. "ఒరే, నిన్ను దింపేకంటే లారీకి రాయెత్తడం నయంరా," అన్నాడు మామ. నాన్న జవాబుకయ్యే ఊపిరిని తరవాతి మెట్టుకి దాచుకున్నాడు.

*

విట్లక్ గారు బర్మింగ్‌హామ్ వైపు స్కూల్లో మాస్టారు. భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ. మంచివాళ్ళు. ఈ మాట నేను మొదటే చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఊళ్ళో కొందరు వేరేగా చెప్పుకున్నారు. వచ్చేటప్పుడు అమ్మకి టీ డబ్బా, నాన్నకి పొగాకు తెచ్చేవాళ్ళు. పొగాకు మానేశానని చెప్పడానికి నాన్నకి మొహమాటం. ఆ ఏడు కూడా పుచ్చుకుని థాంక్యూ చెప్పాడు.

ఆ ఆగస్టులో ఎండ విపరీతంగా కాసింది. మా వైపు అలాంటి ఎండ ఎరగం. షెడ్డు రేకులు పొద్దున్నే వేడెక్కి చీకటి పడ్డా చల్లారేవి కావు. సముద్రం మీంచి గాలి వీస్తూనే ఉంది. కాని షెడ్డు ఇంటి వెనక ఉంది. వచ్చిన గాలంతా ఇంటి ముందు గోడకి తగిలి, రెండు పక్కల నుంచీ పాయలై పోయేది. పెరట్లో ఉల్లికాడ కూడా కదిలేది కాదు. మా ఇల్లే మాకు గాలికి అడ్డం. మేడమీద కిటికీ దగ్గర తెర రెపరెపలాడే చప్పుడు మాకు కింద వినబడుతుండేది.

పగలు నాన్నని కుర్చీలో గుమ్మం బయట కూర్చోబెట్టేవాళ్ళం. అక్కడ కనబడితే విట్లక్ గారు పలకరించకుండా పోయేవాడు కాదు. ఆయనకి మా కొండల పేర్లంటే ఇష్టం. ఒక్కో పేరూ పలికించుకునేవాడు, మళ్ళీ తను పలికేవాడు, తప్పయితే నాన్న సరిచెయ్యాలి. నాన్నకి ఇంగ్లీషు వచ్చు గానీ చాపెల్‌కి వేసుకునే కోటులాగా వచ్చు. తొడుక్కోవడానికి టైము పట్టేది. మాతో నాలుగు ముక్కలు మాట్లాడ్డానికే ఊపిరి చాలని మనిషి, ఆయన దగ్గర మాత్రం వాక్యం మొత్తం పూర్తిచేసేవాడు. ఆరోగ్యం ఎలా ఉందంటే, చాలా బాగుందండీ, ఈ ఎండ ఒక్కటే అనేవాడు. ఆయన వెళ్ళాక సాయంత్రం దాకా నోరు విప్పేవాడు కాదు.

ఆగస్టు సగంలో ఒక మధ్యాహ్నం నాన్న పెదాలు నేరేడుపళ్ళ రంగుకి తిరిగాయి. కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగిపోయాడు. అమ్మ వీపు రాస్తూ, నేను అట్టముక్కతో విసురుతూ చాలాసేపు అలా ఉన్నాం. డాక్టరుగారు వచ్చి, ఈయన్ని గాలికి పెట్టమన్నాను కదా అన్నారు. అమ్మ ఇంటి వెనకగోడ వైపు చూసింది.

ఆయన వెళ్ళాక నేను పైకి వెళ్ళి విట్లక్ గారిని అడుగుతానన్నాను. అడిగితే కాదనే మనుషులు కారన్నాను.

"కాదనరనే నా భయం," అంది అమ్మ. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. జబ్బు ఇల్లని ఒకసారి పేరొస్తే వచ్చే ఏడు ఈ గుమ్మం ఎవరెక్కుతారు? మాటిచ్చి తీసుకున్నాం. మాటంటే మాటే."

నాన్న చెయ్యెత్తి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. ఒక్కో మాటకీ ఆగుతూ చెప్పాడు. "ఏడాదంతా ఆ మాస్టారు ఈ నెల కోసమే బతుకుతాడటే. నాతో చెప్పాడు. పాడుచెయ్యకు."

నేను సరేనన్నాను. మా ఇంట్లో నేను ఎదురుచెప్పి ఎరగను.

*

చివరికి అడగాల్సిన పని నాకు పడలేదు. రెండో రోజు దండెం మీద బట్టలు ఆరేస్తుంటే మిసెస్ విట్లక్ పెరట్లోకి వచ్చింది. చేతిలో ఏమీ లేదు, పనిమీద వచ్చినట్టు లేదు. మీ నాన్నగారికి ఒంట్లో బాగాలేదు కదూ, కిటికీలోంచి చూస్తున్నాను, అంది. బాగానే ఉన్నారనబోయాను. ఆ మాట నా నోట్లోంచి రాలేదు. దుప్పటి కొస పట్టుకుని అంతా చెప్పేశాను. దుమ్ము, డాక్టరు, గాలి, ఆ గది.

ఆమె మొహం పాలిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన మంచంలో తాము పడుకున్నామా అంది. అక్కడి నుంచి అన్నీ చకచకా జరిగిపోయాయి. పిల్లలిద్దర్నీ కింద ముందుగదిలోకి మార్చింది, తనూ మాస్టారూ పిల్లల గది తీసుకున్నారు. పడమటి గది ఊడ్చి, పక్క మార్చి, కిటికీ బార్లా తెరిచి, బల్లమీద ఒక గ్లాసులో సముద్రపు ఒడ్డు పూలు కూడా పెట్టింది. విట్లక్ గారు చొక్కా చేతులు మడుచుకుని తయారైపోయాడు. మేమే మా ఊరికి వెళ్ళిపోతాం అని కూడా అన్నారు. అమ్మ అది మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు. నామీద కోపం ఒక్క మాటలో కూడా చూపించలేదు. ఆ సాయంత్రం బంగాళాదుంపలు చెక్కుతుంటే తొక్క కాగితమంత పల్చగా వచ్చింది, అంతే.

ఎల్లిస్ మామా, విట్లక్ గారూ కలిసి నాన్నని కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించారు. "చూశావా, ఇప్పుడు దొరలు మోస్తున్నారు నిన్ను," అని మామ మా భాషలో గొణిగాడు. మాస్టారు అదేమిటని అడిగితే, బరువు గురించి అని చెప్పాడు.

కిటికీ పక్కన కూర్చోబెట్టగానే నాన్న కళ్ళు మూసుకున్నాడు. గాలి ఆయన జుట్టుని వెనక్కి దువ్వింది. ఊపిరి లోపలికి పోతున్న చప్పుడు నేను విన్నాను, ఈలలాగా, సన్నగా, కాని పోతోంది. పెదాలకి కాస్త రంగొచ్చింది. కింద బండల దగ్గర పోటు ఎక్కుతోంది, ఎల్లిస్ మామ తమ్ముడి పడవ రొయ్యబుట్టలు ఎత్తుకుంటూ పోతోంది. నాన్న కళ్ళు తెరిచి దాన్నే చూశాడు. నేను మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చున్నాను. నా జీవితంలో ఒక పని సరిగ్గా చేశానని ఆ మధ్యాహ్నం అనుకున్నాను.

*

మర్నాడు పాలు తీసుకుని వెళ్ళేసరికి నాన్న మొహం ఉబ్బి ఉంది. కళ్ళ కింద నెత్తురు చిమ్మినట్టు ఎర్రటి చుక్కలు. మూడు దిళ్ళలో ఒకటి ఒళ్ళో పెట్టుకున్నాడు. గలీబు మధ్యలో తడిసి, పళ్ళగాట్లు పడి ఉంది. నిద్రపట్టిందా అంటే తలూపాడు.

ఇల్లంతా అదోలా ఉంది. రేడియో లేదు. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతున్నారు. చిన్నది ఏదో చూసి కిసుక్కుమంటే వాళ్ళమ్మ ఉష్ అంది, ఆ ఉష్ మేడ దాకా వినబడింది. నాన్న తల తిప్పి తలుపు వైపు చూశాడు.

కాసేపటికి మిసెస్ విట్లక్ టీ తెచ్చింది. అమ్మ పెళ్ళినాటి పింగాణీ కప్పులో. ఆ కప్పులు మాకెప్పుడూ దిగేవి కావు, పాస్టరుగారు వస్తేనే దిగేవి. నాన్న దిండు పక్కకి నెట్టి, కాలరు బొత్తాం పెట్టుకుని, నిటారుగా కూర్చుని పుచ్చుకున్నాడు. మీరు చాలా దయగలవారండీ అన్నాడు. వాతావరణం గురించి ఒక మాట అన్నాడు. ఆమె ఉన్నంతసేపూ ఆయన గొంతులో దగ్గు పైకి రావడం, ఆయన దాన్ని మింగడం నాకు కనబడుతూనే ఉంది. మెడనరాలు తాళ్ళలా లేచాయి. ఆమె తలుపు దగ్గరికి వేసి వెళ్ళగానే దిండు మొహానికి అదుముకున్నాడు. వీపు ఎగిరెగిరి పడింది. బయటికి చప్పుడు రాలేదు.

అమ్మ ఏప్రన్ మార్చుకుని, జుట్టు దువ్వుకుని చూడ్డానికి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకున్నారు. మళ్ళు తవ్వావా అంటే తవ్వానంది. వెళ్ళేముందు, కిటికీ అద్దంమీద వేలిముద్ర కనబడితే ఏప్రన్ అంచుతో తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ సాయంత్రం మాస్టారు వాళ్ళు ఒడ్డుకి షికారు వెళ్ళినప్పుడు మాత్రం నాన్న దగ్గాడు. వాళ్ళు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తూ ఆగాడు. గేటు చప్పుడైతే ఆపేశాడు. డాక్టరుగారు ఎప్పుడూ చెప్పేవారు, ఆ దగ్గు రానివ్వండి, లోపలి చెత్త అలాగే పోవాలి, ఆపితే మునిగిపోతాడని. అది నాన్నకీ తెలుసు.

మరుసటి రోజు నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"నన్ను వెనక్కి దింపండే."

గాలి ఇక్కడే కదా నాన్నా ఉంది అన్నాను.

"గాలి ఉంది," అన్నాడు. కిటికీ వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశాడు. "దగ్గలేను."

మెట్లమీద పిల్లలు ఒట్టికాళ్ళతో దిగుతున్నారు. ఒక్కో మెట్టు మీదా ఆగి ఆగి. నాన్న ఆ చప్పుడు అయిపోయేదాకా ఆగాడు.

"పాపం, సెలవలకొచ్చిన పిల్లలు," అన్నాడు.

*

ఎల్లిస్ మామ ఒక్కడే వచ్చి ఆయన్ని వీపున వేసుకుని దింపాడు. అప్పటికి బరువేమీ లేదు. మిసెస్ విట్లక్ మెట్ల కింద నిలబడి, మేమేం తప్పు చేశామని నన్నడిగింది. ఏమీ లేదన్నాను. ఇంగ్లీషు సాహిత్యంలో డిగ్రీ తెచ్చుకున్న మనిషిని, ఆమెకి ఆ సంగతి చెప్పడానికి నాకు ఆ భాషలో మాటలు దొరకలేదు. ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది.

షెడ్డులో పడుకోబెట్టగానే నాన్న దగ్గడం మొదలుపెట్టాడు. రేకులు అదిరేలా, దాపరికం లేకుండా, మధ్యాహ్నమంతా దగ్గాడు. అమ్మ చిప్ప పట్టుకుని పక్కన కూర్చుంది, కొత్త బంగాళాదుంపలు మజ్జిగలో వేసి రెండు చెంచాలు తినిపించింది. చెమటలు కారుతున్నా మనిషి మొహంలో ఒక నిమ్మళం. దగ్గుకీ దగ్గుకీ మధ్య ఎల్లిస్ మామతో ఏదో పాత క్వారీ ఫోర్‌మన్ మీద బూతుమాట కూడా ఒకటి అన్నాడు. అమ్మ వినలేదన్నట్టు ఊరుకుంది.

గాలి మాత్రం లేదు. నాన్న ఆ వారం దాటలేదు. ఒక ఉదయం, అమ్మ గిన్నెలు కడుగుతుండగా, రేకుల కింద చప్పుడు ఆగిపోయింది. ఆవిడ చేతులు తుడుచుకోకుండానే వెళ్ళింది.

మా వైపు మనిషి పోతే ముందుగదిలో పెడతారు. అక్కడే ప్రార్థన, అక్కడి నుంచే ముందు తలుపులోంచి తీస్తారు. రోడ్డుమీద మగవాళ్ళు నిలబడి పాడతారు. ఆ ముందుగదిలో పిల్లల పక్కలు ఉన్నాయి. విట్లక్ గారు టోపీ తీసి వచ్చి, సామాను కట్టేస్తాం, ఇవాళే వెళ్ళిపోతాం అన్నాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. శనివారం దాకా మీదండీ, ఉండండి అని, నన్ను ఆ మాట మర్యాదగా ఇంగ్లీషులో చెప్పమంది. చెప్పాను.

ప్రార్థన షెడ్డు బయట, ఉల్లిమళ్ళ మధ్య జరిగింది. పాస్టరుగారికి నిలబడ్డానికి చోటు చాలక ఒక కాలు గట్టుమీద పెట్టుకున్నారు. ఇంటికీ పక్కగోడకీ మధ్య సందు సన్నం. చెత్తడబ్బాలు జరిపినా శవపెట్టె తిన్నగా పట్టలేదు. ఎల్లిస్ మామ, "కాస్త వాల్చండి, మెల్లగా," అన్నాడు. నాన్నని పక్కకి ఒరిగించి బయటికి తీశారు.

మాలో ఆడవాళ్ళు సమాధి దాకా వెళ్ళరు. అమ్మా నేనూ గేటు దాకా వెళ్ళి ఆగిపోయాం. పాట కొండమలుపు దాటి వినబడకుండా పోయాక ఇంటి వైపు తిరిగాం. వీధిలో ప్రతి ఇంటి కిటికీకీ, పోయిన మనిషికి మర్యాదగా, తెరలు దించి ఉన్నాయి. కొత్తవాళ్ళున్న ఇళ్ళకి కూడా ఎవరో చెప్పి దింపించారు. మా ఇంటికి మాత్రం లేవు. విట్లక్ గారి కుటుంబం మాకు అడ్డం కాకూడదని తెల్లవారుతూనే కారేసుకుని ఎటో వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మేడమీద కిటికీ మూయడం మరిచారు. ఆ కిటికీ గట్టుమీద పిల్లల ఈతబట్టలు రెండు ఆరేసి ఉన్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి.

నేను వెళ్ళి తీసేస్తానన్నాను.

"ఆరాయో లేదో చూడు," అంది అమ్మ. "తడిగా ఉంటే ఉండనీ."

*

వాళ్ళు శనివారం వెళ్ళిపోయారు. గదులన్నీ అద్దంలా తుడిచి, అమ్మకి పూలు పెట్టి వెళ్ళారు. ఇక మేం షెడ్డులోంచి ఇంట్లోకి మారాలి. ఆ శనివారం అమ్మ పక్కలు ఉతకాలంది. తరవాతి శనివారం బంగాళాదుంపలు తవ్వాలంది. నాకు కార్నార్వన్‌లో బడి ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు అమ్మ పరుపు మేడమీదికి మోశాను. నేను బస్సు ఎక్కేలోపు ఆవిడ దాన్ని మళ్ళీ షెడ్డులోకి ఈడ్చుకుంది. ఎందుకమ్మా అంటే, "ఇక్కడ బాగానే ఉంది," అంది.

అక్టోబరులో ఒకసారి వెళ్ళాను. వానలు మొదలయ్యాయి, రేకుల మీద హోరు. ఇల్లు మూసే ఉంది. గాలి పెట్టకపోతే గోడలు చెమ్మగిల్లుతాయని అమ్మ తాళంచెవి తీసుకుని బయల్దేరింది. వెంట నేనూ వెళ్ళాను. ఇద్దరం సందులోంచి ముందుకొచ్చాం. అమ్మ గడప దగ్గర ఆగి, బూట్ల మట్టి రాతికి రాసుకుంది. తలగుడ్డ సరిచేసుకుంది. తరవాత వేలి కణుపులతో తలుపు మీద మెల్లగా రెండుసార్లు తట్టింది.

లోపల ఎవరూ లేరు. అది ఆవిడకీ తెలుసు. అయినా కాసేపు ఆగింది. వాన పడుతూనే ఉంది. నేను ఆవిడ పక్కన నిలబడ్డాను.